డౌన్‌లోడ్ నొక్కితే పుట్టిన తేదీ అడిగిన సైటు: పిల్లలకు ఏది నమ్మాలో, ఏం చెప్పకూడదో ఎలా నేర్పిస్తున్నారు?

పాపాయి_అమ్మ

అందరికీ నమస్కారం. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ప్రాజెక్టుకి తేనెటీగల మీద చార్టు చేయాలి. వెతుకుతుంటే ఒక సైటు దొరికింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చక్కటి బొమ్మలు, అచ్చుతప్పులు లేని భాష, పైన "విద్యార్థుల కోసం, పూర్తిగా ఉచితం" అని పెద్ద అక్షరాలు. డౌన్‌లోడ్ నొక్కితే మాత్రం ఒక ఫారం వచ్చింది. పేరు, తరగతి, స్కూలు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, అమ్మానాన్నల ఉద్యోగం. అన్నీ నింపితేనే పీడీఎఫ్ వస్తుందట. నింపేసింది. క్లాసుల కోసం తన దగ్గర ఉంచిన పాత ఫోన్ నంబరు ఇచ్చింది.

నిన్న ఆ ఫోన్ మోగితే నేను తీశాను. అవతలి మనిషి మా అమ్మాయి పేరు, తరగతి చెప్పి, ఏదో కోర్సులో చేర్పించమన్నాడు. "వచ్చే నెల పుట్టినరోజు కదండీ, ఆలోపు చేరితే తగ్గింపు ఉంది" అన్నాడు. ఒళ్లు ఝల్లుమంది.

ఆ టెన్షన్‌లోనే చార్టు చూశాను. పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెద్దగా రాసి ఉంది: "తేనెటీగలు అంతరిస్తే మనిషి నాలుగేళ్లకు మించి బతకడు – ఐన్‌స్టీన్". కింద ఇంకో మాట: "మనం తినే ఆహారంలో ముప్పాతిక వంతు తేనెటీగల చలవే." ఇవి నిజమేనా? ఇంత దర్జాగా వివరాలు లాక్కున్న సైటు చెప్పిన సైన్సును నమ్మొచ్చా అని అనుమానం మొదలైంది.

ఇచ్చేసిన వివరాల సంగతి ఇప్పుడేం చేయాలి? ఇకముందు ఒక సైటు మంచిదో కాదో తనంతట తను తేల్చుకోవడం ఎలా నేర్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పుస్తకాల_గది (స్కూల్ లైబ్రేరియన్)

నమస్తే అమ్మా. వివరాల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. నమ్మకం సంగతి నేను చెబుతాను, రోజూ పిల్లలతో చేసే పని అదే.

మీ అమ్మాయి ఆ పేజీని చదివిన తీరులో తప్పేమీ లేదు. పై నుంచి కింది దాకా శ్రద్ధగా చదివింది. ఇబ్బంది ఏంటంటే, పేజీలో ఉన్నదంతా పేజీ పెట్టినవాళ్లు మనకి చూపించాలనుకున్నదే. వాళ్లెవరో వాళ్ల పేజీని అడిగితే గొప్పవాళ్లమనే చెబుతుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు 2017లో ఒక పరిశోధన వెలువరించారు. 45 మందిని కూర్చోబెట్టి, తెలియని సైట్లు చూపించి, ఎలా తేల్చుకుంటారో గమనించారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది పత్రికల కోసం నిజానిజాలు తేల్చేవాళ్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. ఒక పరీక్షలో పిల్లల డాక్టర్ల సంఘాలవి రెండు సైట్లు. ఒకటి 1930 నుంచి ఉన్న చాలా పెద్ద సంస్థ. రెండోది 2002లో దాన్నుంచి విడిపోయిన చిన్న బృందం. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, రెండూ హుందాగానే కనిపిస్తాయి. విద్యార్థుల్లో సగానికి పైగా ఆ చిన్న బృందం సైటే నమ్మదగిందన్నారు. డాక్టరేట్లున్న చరిత్రకారుల్లోనూ కొందరు తడబడ్డారు. నిజాలు తేల్చేవాళ్లలో ఒక్కరూ తడబడలేదు. వాళ్లకు పిల్లల వైద్యం ఏమన్నా ఎక్కువ తెలుసా అంటే, తెలియదు. పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలేసి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. అంతే తేడా.

దీన్ని ల్యాటరల్ రీడింగ్ అంటారు. మా పిల్లలకి "పక్క ట్యాబు చదువు" అని చెబుతాను. ఈ రాత్రికి మీరిద్దరూ కూర్చుని ఆ సైటు పేరు వెతుకులో కొట్టండి. అప్పుడు కూడా ముందు వాళ్ల పేజీలే వస్తే, పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, "సైట్" (site) అనే ఇంగ్లిష్ మాట, కోలన్, వాళ్ల చిరునామా మధ్యలో ఖాళీ లేకుండా వరసగా కొట్టండి. వాళ్ల సొంత పేజీలు పోయి ఇతరులు రాసినవే మిగులుతాయి. ఏం దొరికిందో ఇక్కడ రాయండి.

సర్వర్_గది (నెట్‌వర్క్ ఉద్యోగం)

వివరాల గురించి నేను చెబుతాను.

ముందుగా ఒకటి, పాపను కోప్పడకండి. ఆ ఫారం తయారుచేసినవాళ్లు పెద్దవాళ్లు. చదువుకోవాలన్న పిల్ల ఆత్రం వాళ్లకి బాగా తెలుసు.

ఈ రాత్రే చేయాల్సినవి చెబుతాను. ఆ సైటులో ఖాతా తెరిచి ఉంటే, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతోందా అని అడగండి. వాడుతుంటే ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాలన్నిటి తాళంచెవులు ఈమెయిల్‌లోనే ఉంటాయి. తర్వాత ఆ సైటు గోప్యతా విధానం పేజీలో ఒక చిరునామా ఉంటుంది. "మైనర్ వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకున్నారు, పూర్తిగా తొలగించి, ఎవరెవరికి ఇచ్చారో తెలపండి" అని మీ పేరుతో రాయండి. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం 17వ అధికరణం ఇలా తొలగించమని అడిగే హక్కు ఇచ్చింది. తర్వాత చాలా దేశాలు ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. రాసిన మెయిల్ దాచిపెట్టుకోండి. వచ్చిన ఫోన్లు బ్లాక్ చేస్తూ, తేదీ, నంబరు ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే పనికొస్తుంది.

ఇక పుట్టిన తేదీ. అందరూ ఇందులో ఏముందిలే అనుకునేది ఇదే. లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అమెరికా 1990 జనాభా లెక్కలు తీసుకుని 2000లో ఒక లెక్క కట్టారు. పుట్టిన తేదీ, ఆడా మగా, తపాలా కోడ్ ఈ మూడూ కలిపితే చాలు, అక్కడి జనంలో 87 శాతం మందిని ఒక్కొక్కరిగా వేరుచేయొచ్చని తేలింది. పేరు అక్కర్లేదు. మీ పాప పుట్టిన తేదీతో పాటు స్కూలు పేరు కూడా ఇచ్చింది కదా, తపాలా కోడ్ కంటే అది ఇంకా చిన్న వల.

తేనెటీగల పీడీఎఫ్ పంపడానికి అమ్మానాన్నల ఉద్యోగం ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం పాపకి అలవాటు చేయండి. "ఈ పనికి ఈ వివరం ఎందుకు?" జవాబు తోచకపోతే ఆ పెట్టె ఖాళీగా వదిలేయాలి. ఖాళీగా వదలనివ్వకపోతే ఆ పేజీ మూసేయాలి.

ఇంటర్_రెండో_ఏడు

నేను స్టూడెంట్‌నండీ. పాపాయి అమ్మగారూ, నేనూ ఇలాంటి ఫారాలు చాలా నింపాను. రేపే పరీక్ష, నోట్స్ ఎదురుగా ఉంది, మధ్యలో ఫారం అడ్డం. ఆ నిమిషంలో ఎవరైనా నింపేస్తారు.

నాకో డౌటు. మాకు కంప్యూటర్ క్లాసులో అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సేఫ్ అని చెప్పారు. చివర డాట్ ఆర్గ్ ఉంటే సేవా సంస్థ, నమ్మొచ్చు అన్నారు. నేను ఎప్పుడూ ఇన్‌కాగ్నిటోలోనే, అంటే బ్రౌజర్ ప్రైవేట్ కిటికీలోనే వెతుకుతాను, కాబట్టి నా వివరాలు ఎవరికీ తెలియవు అనుకుంటున్నాను. ఇవి సరిపోవా?

సర్వర్_గది

మంచి ప్రశ్నలు తమ్ముడూ. మూడింటికీ సూటిగా చెబుతాను.

తాళం గుర్తు చెప్పేది ఒకటే. నీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని. ఉత్తరం కవరు గట్టిగా అంటించి ఉందన్నమాట. లోపల ఉత్తరం రాసింది పెద్దమనిషా దొంగా అన్నది కవరు చెప్పదు. ఆ గుర్తు రావడానికి సైటుకి కావాల్సిన గుర్తింపు పత్రాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి, మోసం సైట్లు కూడా తీసుకుంటాయి. జనం ఈ గుర్తును తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ బ్రౌజర్ 2023 సెప్టెంబర్‌లో దాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టింది. అయితే బ్రౌజర్ "నాట్ సెక్యూర్" అని హెచ్చరించే సైటులో మాత్రం ఏమీ నింపొద్దు.

డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. సేవా సంస్థ అని రుజువు చూపించక్కర్లేదు. డాట్ ఎడ్యు, డాట్ గవ్ లాంటివి అలా దొరకవు. డాట్ ఎడ్యు అయితే 2001 నుంచి అమెరికాలో గుర్తింపు ఉన్న ఉన్నత విద్యా సంస్థలకే ఇస్తున్నారు. కానీ అడ్రస్ చదవడం రావాలి. మొదటి ఒంటి ఏటవాలు గీతకి (/) ముందు ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదువు. చివరి చుక్కకి అటూ ఇటూ ఉన్న ముక్కలే అసలు యజమాని, దేశం గుర్తు ఉంటే ఒక్కోసారి మూడు ముక్కలు. ఎడ్యు అనే మాట అంతకంటే ముందెక్కడో ఉంటే అది అలంకారం. ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇన్‌కాగ్నిటో గురించి బాగా గుర్తుపెట్టుకో. కిటికీ మూయగానే నీ ఫోనులో చూసిన పేజీల చరిత్ర, కుకీలు (సైట్లు నిన్ను గుర్తుపట్టడానికి ఫోనులో పెట్టే చిన్న ఫైళ్లు) చెరిగిపోతాయి. అది ఇంట్లో ఇంకొకరికి కనబడకుండా ఉండటానికి. నువ్వు వెళ్లిన సైటుకి, కాలేజీ నెట్‌వర్కుకి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి నువ్వు వచ్చినట్టు తెలుస్తూనే ఉంటుంది. ఇదే విషయం మీద 2020లో గూగుల్ మీద అమెరికాలో దావా పడింది. 2024లో రాజీ కుదిరి, అలా పోగైన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఇక ఇన్‌కాగ్నిటోలో కూర్చుని ఫారంలో పేరు రాస్తే, మనమే చెప్పుకున్నట్టు.

పాత_మాస్టారు

ఇవన్నీ చదువుతుంటే పిల్లల మీద ఎంత బరువు పెడుతున్నామో అనిపిస్తోంది. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. మా రోజుల్లో పాఠ్యపుస్తకం ఉండేది, లైబ్రరీ ఉండేది. నా సలహా ఒకటే. టీచర్లే ఒక పది మంచి సైట్ల జాబితా ఇచ్చేస్తే పోతుంది కదా. లేదంటే ఒక చిన్న ప్రశ్నల పట్టిక ఇవ్వండి. రచయిత పేరు ఉందా, తేదీ ఉందా, భాష శుభ్రంగా ఉందా, మూలాలు ఇచ్చారా. అన్నిటికీ అవునని వస్తే నమ్మడం, లేకపోతే మానేయడం.

పుస్తకాల_గది

మాస్టారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. చిన్న తరగతులకి జాబితా ఇవ్వడం నేనూ చేస్తాను. కానీ తొమ్మిదో తరగతి దాటాక, జాబితాలో లేని ప్రశ్న రోజూ ఏదో ఒకటి వస్తుంది. అప్పుడు పిల్లవాడు ఒంటరిగా ఉంటాడు.

ప్రశ్నల పట్టిక నేనూ ఏళ్ల తరబడి వాడాను. 2004లో కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీలో తయారైన ఐదు ప్రశ్నల పట్టిక ప్రపంచమంతా తిరిగింది. తాజాగా ఉందా, మన అవసరానికి తగిందా, రాసిందెవరు, వివరాలు సరైనవేనా, ఎందుకు రాశారు. ప్రశ్నల్లో తప్పు లేదు. పిల్లలు జవాబులన్నీ ఆ పేజీలోనే వెతుక్కుంటారు, అక్కడే వస్తుంది చిక్కు.

దీనికి ఒక కథ ఉంది, మా క్లాసులో ఏటా చెబుతాను. 1998 నుంచి నెట్‌లో ఒక సైటు ఉంది. చెట్ల మీద బతికే ఆక్టోపస్ అంతరించిపోతోందని, కాపాడాలని. ఫొటోలు, శాస్త్రీయ నామం, అది ఉండే చోటు, లింకులు అన్నీ ఉంటాయి. అలాంటి జీవే లేదు. ఒకాయన కావాలని కల్పించాడు. 2006లో కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడో తరగతి పిల్లలు 25 మందికి దాన్ని చూపించారు. అందరూ నెట్‌లో బాగా చదవగలరని ఎంపిక చేసిన పిల్లలే. దాదాపు అందరూ నమ్మారు. అబద్ధమని చెప్పాక కూడా కొందరు ఒప్పుకోలేదు. మీ పట్టిక ఆ సైటుకి పెట్టి చూడండి మాస్టారూ, చాలా గడుల్లో టిక్కు పడుతుంది. అదే పక్క ట్యాబులో ఆ ఆక్టోపస్ పేరు కొడితే పది సెకన్లలో కల్పితం అని వస్తుంది.

పాత_మాస్టారు

ఇప్పుడే కొట్టి చూశాను అమ్మా. మీరు చెప్పింది నిజం. ఆ పేజీ చూస్తే నేనైనా నమ్మేవాణ్ణి. శాస్త్రీయ నామం కూడా ఉంది. పక్క ట్యాబు సంగతి మా మనవడికి ఈ సాయంత్రమే చూపిస్తాను.

లెక్కలు_సైన్సు (హైస్కూల్ టీచర్)

పాపాయి అమ్మగారూ, చార్టులోని రెండు మాటల గురించి.

ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. ఆయన 1955లో చనిపోయారు. ఈ మాట బాగా వ్యాపించింది 1994లో, బ్రస్సెల్స్‌లో తేనెటీగల పెంపకందారులు నిరసన చేసినప్పుడు పంచిన కరపత్రం వల్ల. ఆయన భౌతిక శాస్త్రవేత్త, కీటకాలు ఆయన పనీ కాదు. పెద్ద పేరు తగిలిస్తే మాట బరువెక్కుతుందని ఎవరో తగిలించారు.

రెండో మాట ఇంకా ఆసక్తిగా ఉంది, ఎందుకంటే అది పూర్తి అబద్ధం కాదు. 2007లో కొందరు శాస్త్రవేత్తలు కలిసి ప్రపంచంలోని 115 ముఖ్యమైన ఆహార పంటలను పరిశీలించారు. వాటిలో 87 పంటలకు ఎంతో కొంత జంతువుల వల్ల జరిగే పరాగసంపర్కం అవసరమని తేల్చారు. 115లో 87 అంటే సుమారు ముప్పాతిక వంతు. సైటు వాడికి ఈ అంకె ఎక్కడో కనబడింది. కానీ అది పంటల రకాల లెక్క. పండే ఆహారం బరువు లెక్కలో చూస్తే ఆ పంటలన్నీ కలిపి 35 శాతమే. వరి, గోధుమ, మొక్కజొన్నలకి తేనెటీగ అక్కర్లేదు, గాలితోనో తమంతట తామో పరాగసంపర్కం జరుపుకుంటాయి. ఆ 87లో కూడా చాలావాటికి కీటకాలు రాకపోతే దిగుబడి తగ్గుతుందే తప్ప సున్నా అయిపోదు. పైగా ఆ పని చేసేవి తేనెటీగలొక్కటే కాదు. ఇతర ఈగలు, సీతాకోకచిలుకలు, గబ్బిలాలు, పిట్టలు కూడా చేస్తాయి.

"పంటల రకాల్లో ముప్పాతిక" అన్నది చేతులు మారి "ఆహారంలో ముప్పాతిక" అయింది. ఒక్క మాట జారింది, అర్థం మొత్తం మారిపోయింది. అంకె కనబడగానే "దేనిలో ఇంత?" అని అడగమని చెప్పండి.

ఇంకోటి కూడా చెప్పాలి. అన్నీ నిజాలే చెప్పి కూడా తప్పుదారి పట్టించొచ్చు. 1997లో అమెరికాలో పద్నాలుగేళ్ల విద్యార్థి ఒకడు సైన్స్ ప్రదర్శన కోసం తన స్కూలు పిల్లలు 50 మందికి ఒక కాగితం ఇచ్చాడు. డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే రసాయనం ఉంది, పీలిస్తే ప్రాణం పోతుంది, ఆమ్ల వర్షంలో ఉంటుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, నిషేధిద్దామా అని. 43 మంది నిషేధించమన్నారు. రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అది నీరు. ఇది మా తొమ్మిదో తరగతిలో చేసినప్పుడు, చివర్లో బోర్డు మీద ఫార్ములా రాయగానే క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో వాళ్లు నేర్చుకున్నంత నేను గంటసేపు చెప్పినా నేర్చుకోరు.

ఇంటర్_రెండో_ఏడు

మరి వికీపీడియా? మా లెక్చరర్ ముట్టుకోవద్దంటారు. ఇక్కడేమో పక్క ట్యాబులో చూడమంటున్నారు. పక్క ట్యాబులో ముందు వచ్చేది వికీపీడియానే.

వికీ_సవరింపు

నేను తెలుగు వికీపీడియాలో రాస్తూ ఉంటాను కాబట్టి నేను చెబుతాను. మీ లెక్చరర్ గారిది పూర్తిగా తప్పు కాదు. ప్రాజెక్టులో "మూలం: వికీపీడియా" అని రాయడం సరికాదు. మొదటి మెట్టుగా వాడుకోవడం మాత్రం మంచిదే.

వ్యాసం పైన "చర్చ", "చరిత్ర" అని ట్యాబులు ఉంటాయి. చాలామంది వాటిని ఎప్పుడూ నొక్కరు. చరిత్రలో ఏ వాక్యం ఎప్పుడు చేరిందో, ఏది తీసేశారో వరసగా ఉంటుంది. చర్చలో రాసేవాళ్లు దేని మీద వాదించుకున్నారో కనబడుతుంది. కింద మూలాలు ఉంటాయి. నీకు కావాల్సిన వాక్యం పక్కనున్న చిన్న అంకె నొక్కి, ఆ మూలం తెరిచి, అందులో నిజంగా ఆ మాట ఉందా అని చూడు. పది వాక్యాలకి చేయక్కర్లేదు, నువ్వు వాడుకునే ఒకటి రెండింటికి చెయ్యి.

మూలం ఉందని సరిపెట్టుకోకు, తేదీ కూడా చూడు. దక్షిణ అమెరికాలో కోటి అనే జంతువు ఉంది. 2008లో ఒక విద్యార్థి సరదాకి ఇంగ్లిష్ వికీపీడియాలో "దీన్నే బ్రెజిల్ ఆర్డ్‌వార్క్ అంటారు" అని చేర్చాడు. ఎవరూ అలా అనరు. వికీలో చూసి పత్రికలు రాశాయి, ఒక విశ్వవిద్యాలయ ప్రచురణ పుస్తకంలోకి కూడా ఎక్కింది. తర్వాత ఆ పత్రిక కథనాన్నే వికీలో ఆ వాక్యానికి మూలంగా పెట్టారు. గుండ్రంగా తిరిగి వచ్చిందన్నమాట. 2014లో న్యూయార్కర్ పత్రిక రాసేదాకా అలాగే ఉంది. అందుకే ఒకే మాట ఐదు సైట్లలో కనబడితే ఐదు సాక్ష్యాలని అనుకోవద్దు. ఐదుగురూ ఒకరి దగ్గరే ఎత్తి ఉండొచ్చు. మొదట ఎవరన్నారో అక్కడికి వెళ్లాలి.

ఇద్దరు_పిల్లల_నాన్న

ఇంత కథ ఎందుకండీ. నేనైతే పిల్లల ఫోన్లలో నిఘా యాప్ పెట్టేశాను. ఏ సైటు చూశారు, ఏం టైప్ చేశారు, అన్నీ నా ఫోనుకి వస్తాయి. పాపాయి అమ్మగారు కూడా అదే చేస్తే ఈ తలనొప్పి ఉండదు. పిల్లల క్షేమం కంటే గోప్యత ముఖ్యమా?

సర్వర్_గది

సార్, ఒక తండ్రిగా మీ భయం నాకు తెలుసు. కానీ ఒక్కసారి ఆలోచించండి. టైప్ చేసిన ప్రతి అక్షరం మీ ఫోనుకి రావాలంటే, అది ముందు ఆ యాప్ కంపెనీ సర్వరుకి వెళ్తుంది. మీ పిల్లల పాస్‌వర్డులు, స్నేహితులతో మాటలు, ఎక్కడున్నారో, అన్నీ మీకు తెలియని ఒకరి దగ్గర ఉంటున్నాయి. ఇలాంటి యాప్‌ల సర్వర్ల నుంచి సమాచారం బయటికి పొక్కిన సంఘటనలు ఒకటి రెండు కాదు. ఆ కంపెనీ ఎవరిదో పక్క ట్యాబులో చూశారా? చిన్నపిల్లలకి స్క్రీన్ సమయం, వయసుకి తగిన సైట్లు చూసుకోవడానికి ఫోనులోనే ఏర్పాట్లు ఉంటాయి. అవి చాలు.

ఇంటర్_రెండో_ఏడు

అంకుల్, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా నాన్న నా ఫోనులో అలాంటిది పెట్టారు. అప్పటి నుంచి నాకేమైనా డౌట్ వస్తే ఫ్రెండ్ ఫోనులో వెతుకుతున్నాను. నాన్నకి కనబడేది సగమే. ఏదైనా నిజంగా తప్పు జరిగితే ముందు నాన్నకే చెప్పాలనిపించాలి కదా. ఇప్పుడు చివరిగా చెప్పాలనిపిస్తోంది.

పాపాయి_అమ్మ

బాబూ, నీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మొదటి పోస్టులో రాయని సంగతి ఒకటి ఉంది. ఆ ఫోన్లు నిన్న మొదలవలేదు. వారం నుంచి వస్తున్నాయట. నేను ఒక్కసారి తీశాను కాబట్టి తెలిసింది. స్కూలు నుంచి రాగానే ఫోన్ సైలెంట్‌లో పెట్టి దిండు కింద దాచేదట. ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు ఫోన్ లాగేసుకుంటావని" అంది. నిజమే, అంతకుముందు ఇంకో విషయంలో అలాగే చేశాను.

రాత్రి ఇద్దరం కూర్చున్నాం. కోప్పడలేదు. పుస్తకాల గది గారు చెప్పినట్టు సైటు పేరు కొట్టి వాళ్ల పేజీలు తీసేసి చూశాం. రెండో పేజీలోనే ఇంకెవరో తల్లి రాసిన ఫిర్యాదు ఉంది, అచ్చం మా కథే. ఆ సైటు ఎవరిదో వాళ్ల "మా గురించి" పేజీలో ఒక్క మనిషి పేరు కూడా లేదు. గోప్యతా విధానంలో మధ్యలో ఒక వాక్యం ఉంది: "మా భాగస్వాములతో పంచుకోవచ్చు." ఆ వాక్యం మా అమ్మాయే కనిపెట్టింది. తొలగించమని మెయిల్ పెట్టాం. మాటలు తనే చెప్పింది, నేను టైప్ చేశాను.

తను ఒకటి అడుగుతోంది. ఇలా సైట్లు వెతకడం కన్నా ఏఐ చాట్‌బాట్‌ని అడిగి, మూలాలు కూడా ఇవ్వమంటే సరిపోదా అని. అడిగితే ఐన్‌స్టీన్ మాటకి ఒక పుస్తకం పేరు, పేజీ నంబరు కూడా ఇచ్చిందట.

పుస్తకాల_గది

ఆ పుస్తకం ఉందో లేదో ఒక లైబ్రరీ కేటలాగులో వెతకమనండి అమ్మా. పుస్తకం ఉన్నా, ఆ పేజీలో ఆ మాట ఉందో లేదో చూడాలి. ఈ చాట్‌బాట్లు వాక్యాన్ని అందంగా అల్లుతాయి. మూలం కూడా అలాగే అల్లేస్తాయి ఒక్కోసారి.

2023లో న్యూయార్క్ కోర్టులో ఇద్దరు లాయర్లకి, వాళ్ల సంస్థకి కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఒక విమానయాన సంస్థ మీద కేసులో చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉటంకించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. మా పిల్లలకి నేను నొక్కి చెప్పేది ఇంకో సంగతి. వాళ్లలో ఒకరికి అనుమానం వచ్చి, ఇవి నిజమైన కేసులేనా అని మళ్లీ చాట్‌జీపీటీనే అడిగారు. నిజమైనవే అంది. పేజీ మంచిదా అని పేజీనే అడిగినట్టు. కోర్టు రికార్డుల్లో ఒక్కసారి వెతికి ఉంటే అయిపోయేది.

సర్వర్_గది

చాట్‌బాట్ దగ్గర కూడా ఆ ఫారం దగ్గరి జాగ్రత్తే కావాలి. ప్రాజెక్టు ప్రశ్న అడగొచ్చు. స్కూలు పేరు, మార్కుల కాగితం ఫొటో, ఇంట్లో గొడవలు, స్నేహితురాలి రహస్యాలు అందులో పెట్టొద్దని చెప్పండి.

స్నేహితుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఫేస్‌బుక్‌లో ఒకప్పుడు "మీ వ్యక్తిత్వం ఎలాంటిదో తెలుసుకోండి" అనే క్విజ్ యాప్ ఉండేది. సుమారు 2 లక్షల 70 వేల మంది దాన్ని పెట్టుకున్నారు. అప్పటి నిబంధనల ప్రకారం వాళ్ల స్నేహితుల వివరాలు కూడా ఆ యాప్‌కి వెళ్లాయి. అవి కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ చేతికి చేరాయని 2018లో బయటపడింది. 8 కోట్ల 70 లక్షల మంది దాకా వివరాలు వెళ్లి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది ఏ క్విజ్జూ ఆడలేదు. వాళ్ల స్నేహితుడెవరో ఆడాడు. ఏ యాప్ అయినా "కాంటాక్టులు చూడనివ్వండి" అని అడిగినప్పుడు, అవి మనవి కావని, ఆ నంబర్ల యజమానులు వేరని పిల్లలకి గుర్తుచేయండి.

ఫొటోలు కూడా అంతే. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు ఫొటో ఫైలు లోపలే నమోదవుతుంది. మామూలుగా పంపితే చాలా యాప్‌లు దాన్ని తీసేస్తాయి. డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది.

ఇద్దరు_పిల్లల_నాన్న

రాత్రి ఆ నిఘా యాప్ పేరు పక్క ట్యాబులో కొట్టి చూశాను. ఒకసారి వాళ్ల సమాచారం పొక్కినట్టు వార్త ఉంది. యాప్ తీసేశాను. మా పెద్దాడికి చెప్పి మరీ తీశాను. ఇంటర్ బాబూ, నీకు థాంక్స్.

పాపాయి_అమ్మ

చివరి కబురు. ఆ పుస్తకం కేటలాగులో ఉంది, కానీ అది ఐన్‌స్టీన్ ఉత్తరాలది కాదు, వేరే విషయం మీద. సైటు నుంచి రెండు రోజులకి మెయిల్ వచ్చింది, ఖాతా తొలగించామని. ఎవరెవరికి ఇచ్చారో చెప్పలేదు, మళ్లీ అడిగాం. ఫోన్లు తగ్గాయి కానీ పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు మోగితే ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తోంది, నంబరు కాగితం మీద తనే రాస్తోంది.

చార్టులో ఐన్‌స్టీన్ మాట మీద తెల్లకాగితం అతికించి, "115 ముఖ్య ఆహార పంటల్లో 87 పంటలకు ఎంతో కొంత జంతువుల పరాగసంపర్కం అవసరం" అని రాసింది. కింద చిన్న అక్షరాలతో 2007 పరిశోధన అని వేసింది. కాగితం పలచన, లోపలి ఎర్ర స్కెచ్‌పెన్ను కొంచెం కనబడుతోంది. కొత్త చార్టు కొనిస్తానన్నాను. వద్దంది. టీచర్ అడిగితే అక్కడ ముందు ఏముండేదో, ఎందుకు తీసేసిందో చెబుతుందట.